విటేకర్ పేరు పక్కన లీగ్ సగటు కూడా రాయండి

అమెరికా నేషనల్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ చారిత్రక పరిశీలన కమిటీ సభ్యులకు నమస్కారం.

మాది తెనాలి. ఇరవై ఏళ్లకు పైగా డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటున్నాను. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. ఈ ఉత్తరం ఇంగ్లీషులో మీకు విడిగా పోస్టు చేశాను. తెలుగులో కూడా ఎందుకు రాస్తున్నానంటే, మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు ఎండలు రాగానే గ్లోవ్ పట్టుకుని గ్రౌండుకు పోతారు. మేము గట్టు మీద మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటాం. స్కోరెంతో చెప్పగలం. ఒక ఆటగాడు ఎంత గొప్పవాడో ఎలా కొలవాలో మాత్రం మాలో చాలామందికి తెలియదు. ఈ వాదన వాళ్లు కూడా వినాలి.

ముందు నేను అడిగేది చెప్పేస్తాను. మేటి ఆటగాళ్లకు శాశ్వత గౌరవమిచ్చే మీ హాల్‌లోకి ఎవరిని తీసుకోవాలో తేల్చే 2028 డిసెంబరు ఎన్నిక కోసం, 1980 తర్వాతి కాలానికి చెందిన ఆటగాళ్ల జాబితాను మీరు మళ్లీ తయారు చేస్తారు. ఎనిమిది పేర్లే ఉంటాయి. అందులో డెట్రాయిట్ టైగర్స్ సెకండ్ బేస్‌మన్ లూ విటేకర్ పేరు పెట్టండి. ఓటు వేసే పదహారుమందికి ఆ ఎనిమిదిమంది అంకెలు ఇచ్చేటప్పుడు, ప్రతి అంకె పక్కన ఆ ఆటగాడు ఆడిన రోజుల్లో లీగ్ సగటు ఎంతో కూడా రాయండి. అడిగేది ఇంతే.

తెలుగువాళ్ల కోసం ఒక క్రికెట్ సంగతి. 1983 వరల్డ్ కప్ ఫైనల్లో శ్రీకాంత్ 38 పరుగులు చేశాడు. ఈ రోజుల్లో పుట్టిన పిల్లాడికి చెబితే 'ముప్పై ఎనిమిదేనా?' అంటాడు. కానీ ఆ మ్యాచ్‌లో రెండు జట్లు కలిపి చూసినా అదే అత్యధిక స్కోరు. ఇండియా మొత్తం 183, వెస్టిండీస్ 140. ఆ పక్క అంకెలు తెలిశాకే 38 విలువ తెలుస్తుంది. మా ఆఫీసులోనూ ఇంతే. ఒక షాఫ్ట్ కొలత 20.03 మిల్లీమీటర్లు వచ్చిందని చెబితే ఎవరూ తల ఊపరు. డ్రాయింగ్‌లో ఎంతుంది, ఆ బ్యాచ్ సగటు ఎంత అని అడుగుతారు. అది చెప్పకుండా రిపోర్టు పంపితే అదే రోజు వెనక్కి వస్తుంది.

నాకు బేస్‌బాల్ నేర్పింది మా పక్కింటి పెద్దాయన. కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేసి రిటైరయ్యారు. మా అబ్బాయికి సెకండ్ బేస్‌లో నిలబడడం నేర్పడానికి సాయంత్రాలు మా పెరట్లోకి వచ్చేవారు. ఒకరోజు ఆయన తన పాత స్కోరు పుస్తకం తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టారు. స్పైరల్ తుప్పు పట్టి ఉంది. పేజీల నిండా పెన్సిల్ గీతలు. చాలా గడుల్లో ఒకటే రాత: 6-4-3. షార్ట్‌స్టాప్ నంబరు 6, సెకండ్ బేస్‌మన్ 4, ఫస్ట్ బేస్‌మన్ 3. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని సెకండ్ బేస్‌మన్‌కు విసిరితే, ఆ సెకండ్ బేస్‌మన్ ఒకరిని అవుట్ చేసి, తన మీదికి జారుకుంటూ వస్తున్న రన్నర్‌ను తప్పించుకుని, ఫస్ట్ బేస్‌కు విసిరి రెండో వాణ్ని అవుట్ చేస్తాడు. ఆ 6 అలన్ ట్రామెల్, ఆ 4 లూ విటేకర్. ఇద్దరూ 1977 సెప్టెంబరు 9న బోస్టన్‌లో ఒకే మ్యాచ్‌తో టైగర్స్ తరఫున మొదలుపెట్టారు. కలిసి 1,918 మ్యాచ్‌లు ఆడారు. ఆ పేజీ మీద కొన్నిచోట్ల పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కారంటే, వేలితో తడిమితే వెనకవైపు అచ్చు తగులుతుంది.

ట్రామెల్‌ను 2018లో మీ హాల్‌లోకి తీసుకున్నారు. ఆ రోజు మైకు ముందు ఆయన విటేకర్‌ను తలచుకుని, ఏదో ఒక రోజు లూ కూడా ఇక్కడ నిలబడాలని ఆశిస్తున్నానన్నారు. మా పెద్దాయన ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

ఇక అంకెలు. విటేకర్ 1977 నుంచి 1995 దాకా 2,390 మ్యాచ్‌లు ఆడారు, అన్నీ ఒక్క టైగర్స్‌కే. 2,369 హిట్లు, 244 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), బ్యాటింగ్ యావరేజ్ .276. ఇది క్రికెట్ సగటు లాంటిది కాదు, వెయ్యి ప్రయత్నాలకు 276 హిట్లు అని. ఈ చివరి అంకే ఆయన్ను ముంచింది. ఆయన ఆడిన కాలంలో అమెరికన్ లీగ్ సగటు .263 దగ్గర తిరుగుతుండేది. దానికంటే పదమూడు పాయింట్లే ఎక్కువ. 'బాగానే ఆడాడు, గొప్పేముంది' అనిపిస్తుంది. కానీ బ్యాటింగ్ యావరేజ్‌లో వాక్‌లు లెక్కకు రావు. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే, వాటికి ఆశపడకుండా వదిలేసిన బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా దొరుకుతుంది. దాన్నే వాక్ అంటారు. విటేకర్ అలా 1,197 సార్లు బేస్ మీదికి నడిచి వెళ్లారు. స్ట్రైకవుట్, అంటే మూడు స్ట్రైకులు పడి అవుట్, అయింది 1,099 సార్లు. పందొమ్మిదేళ్ల కెరీర్‌లో స్ట్రైకవుట్ల కంటే వాక్‌లే ఎక్కువ! ఆ ఓపికకు ఆయన బ్యాటింగ్ యావరేజ్‌లో ఒక్క పాయింటు కూడా పడలేదు.

వాక్‌లు కూడా కలిపి చూసేది ఆన్-బేస్ పర్సంటేజ్. విటేకర్‌ది .363. కొట్టిన దెబ్బ ఎన్ని బేసులు తెచ్చిందో చూసేది స్లగ్గింగ్. ఆయనది .426. ఈ రెండూ కూడితే ఓపీఎస్, .789. ఆ అంకెను లీగ్ సగటుతో పోల్చి, గ్రౌండు బ్యాటింగ్‌కు ఎంత అనుకూలమో కూడా సర్ది చెప్పేది ఓపీఎస్ ప్లస్. లీగ్‌లో సగటు బ్యాటర్‌కు అది 100. అంతకంటే ఎంత ఎక్కువుంటే లీగ్ కంటే అంత పైన ఉన్నట్టు.

ఆ రోజు స్కోరు పుస్తకం పక్కనే కరెంటు బిల్లు వెనక నేను ఈ లెక్క వేశాను. విటేకర్ కాలంలో లీగ్ ఆన్-బేస్ దాదాపు .330, స్లగ్గింగ్ దాదాపు .400. .363ని .330తో భాగిస్తే 1.10. .426ని .400తో భాగిస్తే 1.065. రెండూ కూడి ఒకటి తీసేస్తే 1.165. వందతో గుణిస్తే నూట పదహారున్నర. బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లో చూస్తే ఆయన ఓపీఎస్ ప్లస్ 117 అని ఉంది. పెద్దాయన ఆ బిల్లు తీసుకుని రెండుసార్లు చూశారు. 'నేను కంటితో చూసిందీ ఇదే' అన్నారు. ఆయనకు ఓపీఎస్ ప్లస్ అంటే అంతవరకూ తెలియదు. లూ బ్యాటింగ్‌కు వస్తే అవతలి పిచర్ నెమ్మదిగా పని చేసేవాడని, ఇన్నింగ్స్ సాగదీసినట్టు ఉండేదని మాత్రం ముందునుంచీ చెబుతుండేవారు.

ఇప్పుడు పక్కన మరో పేరు పెడతాను. జెఫ్ కెంట్. 2025 డిసెంబరులో పదహారు ఓట్లలో పద్నాలుగు తెచ్చుకుని ఎన్నికయ్యారు. ఆయన కూడా సెకండ్ బేస్‌మనే. ఆయన ఎన్నిక మీద నాకు ఎలాంటి అభ్యంతరం లేదు. సెకండ్ బేస్‌మన్‌గా అత్యధిక హోమ్ రన్ల రికార్డు ఆయనదే, ఆ గౌరవానికి ఆయన అర్హుడే. నేను మిమ్మల్ని చూడమనేది ఆయన అంకెల పక్కనున్న అంకెలను.

కెంట్ ఓపీఎస్ .855, విటేకర్ ఓపీఎస్ .789. తేడా 66 పాయింట్లు. హోమ్ రన్లు 377కి 244. ఇలా చదివితే ఇద్దరినీ ఒక వరుసలో కూర్చోబెట్టడమే తప్పనిపిస్తుంది. కానీ కెంట్ ఆడింది 1992 నుంచి 2008 వరకు. అవి హోమ్ రన్లు కుండపోతగా కురిసిన రోజులు. ఆయన ఎక్కువగా ఆడిన నేషనల్ లీగ్‌లో సగటు స్లగ్గింగే .420 దాటిన ఏడాదులున్నాయి. ఆ లీగ్ సగటుతో పోల్చి కొలిస్తే కెంట్ ఓపీఎస్ ప్లస్ 123. విటేకర్‌ది 117. ఈ కొలతలో ఇద్దరి మధ్య తేడా ఆరే. ఆటగాళ్లూ వాళ్లే, కొట్టిన దెబ్బలూ అవే, పక్కన కాలాన్ని పెట్టామంతే. పైగా ఇది బ్యాటింగ్ ఒక్కటే. విటేకర్‌కు ఫీల్డింగ్‌లో 1983, 84, 85 మూడేళ్లూ వరసగా ఆ స్థానంలో మేటి ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లోవ్ వచ్చింది. కెంట్‌కు ఒక్కటీ లేదు. బ్యాటింగ్, ఫీల్డింగ్, పరుగు అన్నీ కలిపి చూసే వార్ లెక్కలో విటేకర్ 75.1, కెంట్ దాదాపు 55.

ఇప్పటికే హాల్‌లో ఉన్న మిగతా సెకండ్ బేస్‌మన్‌లనూ చూడండి. రైన్ శాండ్‌బర్గ్ ఓపీఎస్ ప్లస్ 114, రాబర్టో అలోమార్ 116, క్రెయిగ్ బిజియో 112. ముగ్గురూ మహానుభావులే, నేను ఎవరినీ తగ్గించడం లేదు. విటేకర్ 117 వాళ్లలో ఎవరికంటే తక్కువ? జో మోర్గన్ 132తో చాలా ఎత్తున ఉన్నారు, ఆయనతో ఈయన్ని నేను పోల్చను.

ఒకే ఒక్క సీజన్ వివరంగా చెప్పాలనుంది, ఎందుకంటే మొత్తం సంగతి అందులోనే ఉంది. 1990లో విటేకర్ యావరేజ్ .237. లీగ్ సగటు .260 చుట్టుపక్కల. అప్పటి పేపర్లో ఆ అంకె చూసినవాళ్లు ముప్పై మూడేళ్లు వచ్చాయి, ఇక అయిపోయిందనే అనుకుని ఉంటారు. కానీ ఆ ఏడాది ఆయన ఆన్-బేస్ .338, లీగ్‌ది అంతకంటే తక్కువ. 18 హోమ్ రన్లతో స్లగ్గింగ్ .407, లీగ్‌ది దానికంటే కూడా తక్కువ. అంటే అందరూ పడిపోయాడనుకున్న ఏడాది కూడా ఆయన లీగ్ కంటే పైనే ఉన్నారు. మరుసటి ఏడాది, 1991లో, యావరేజ్ .279 మాత్రమే. దాన్ని చూసి ఎవరూ చప్పట్లు కొట్టి ఉండరు. ఓపీఎస్ ప్లస్ మాత్రం 141, ఆయన కెరీర్‌లోనే అత్యధికం. 1982 నుంచి 1995 వరకు పద్నాలుగు సీజన్లలో ఒక్కసారి కూడా 100 కిందికి రాలేదు. 38 ఏళ్ల వయసులో, ఆఖరి సీజన్‌లో కూడా స్లగ్గింగ్ .518. ఆట చేతకాక మానేసిన మనిషి కాదు.

ఆయన పక్షాన మాట్లాడుతున్నానని లోపాలు దాచను. 1980లో ఆయన బ్యాటింగ్ ఘోరంగా ఉంది. .233, ఏడాది మొత్తానికి ఒకే ఒక్క హోమ్ రన్. జట్టు పాత గ్రౌండు టైగర్ స్టేడియంలో కుడివైపు పై అంతస్తు గ్రౌండు మీదికి చొచ్చుకుని ఉండేది, విటేకర్ లాంటి ఎడమచేతి బ్యాటర్లకు అది కలిసొచ్చేది. ఓపీఎస్ ప్లస్ గ్రౌండును సర్దుతుంది కానీ, ఎడమచేతి వాళ్లకూ కుడిచేతి వాళ్లకూ కలిపి ఒకే సర్దుబాటు. కాబట్టి ఆ 117లో ఒకటో రెండో తీసేస్తామంటే నేను గొడవ పడను. చివరి ఏళ్లలో మేనేజర్ స్పార్కీ ఆండర్సన్ ఎడమచేతి పిచర్ల మీద ఆయన్ను తరచూ కూర్చోబెట్టేవారు. అదీ నిజమే. ఇవన్నీ పదహారుమంది ముందు పెట్టి చర్చించండి. చర్చ జరగాలంటే ముందు పేరు జాబితాలో ఉండాలి కదా!

ఆ చర్చ ఆయనకు ఎన్నిసార్లు దక్కింది? 2001లో మొదటిసారి పత్రికా రచయితల ఓటింగ్‌కు వచ్చారు. 515 మంది ఓటేస్తే 15 మంది ఆయన పేరు రాశారు. 2.9 శాతం. అయిదు శాతం రాకపోతే మళ్లీ ఏడాది పేరుండదు. ఒక్క ఓటింగ్‌తో తలుపు మూసుకుంది. అదే 2001లో వెటరన్స్ కమిటీ బిల్ మజెరోస్కీని ఎన్నుకుంది. మజెరోస్కీ కూడా సెకండ్ బేస్‌మనే. ఫీల్డింగ్‌లో ఆయనకు సాటి లేదు. ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో, 1960లో, ఏడో మ్యాచ్‌ను ముగించిన హోమ్ రన్ ఆయనదే. ఓపీఎస్ ప్లస్ 84. ఆయన చేతుల్ని గౌరవించిన ఏడాదే, చేతులూ బ్యాటూ రెండూ ఉన్న మనిషికి పదిహేను ఓట్లు!

తర్వాత పద్దెనిమిదేళ్లకు, 2019 డిసెంబరులో, కమిటీ ముందుకు ఒకసారి వచ్చారు. పన్నెండు ఓట్లు కావాలి, ఆరు వచ్చాయి. అదే రోజు క్యాచర్ టెడ్ సిమన్స్ 13 ఓట్లతో ఎన్నికయ్యారు. 1994లో సిమన్స్‌కు మొదటి ఓటింగ్‌లో వచ్చింది 3.7 శాతం. ఆయనకూ అప్పుడే తలుపు మూశారు. పాతికేళ్ల తర్వాత ఆయన అంకెల్ని క్యాచర్ల పక్కన, ఆ కాలం పక్కన పెట్టి మళ్లీ చదివారు, తలుపు తీశారు. అలా చదవడం మీకు తెలుసనే నా ధైర్యం. కానీ ఆ తర్వాత 2022 జాబితాలో విటేకర్ పేరు లేదు. 2025 జాబితాలోనూ లేదు. ఆరు ఓట్లు వచ్చిన మనిషిని రెండుసార్లు వరసగా గుమ్మం దగ్గరికి కూడా రానివ్వలేదు. ఎందుకని నేను మిమ్మల్ని నేరుగా అడుగుతున్నాను. ట్రామెల్, పిచర్ జాక్ మోరిస్ హాల్‌లోకి వచ్చాక, వరల్డ్ సిరీస్ గెలిచిన 1984 టైగర్స్ జట్టు కోటా అయిపోయిందన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి వదిలేయండి. ట్రామెల్ ఓపీఎస్ ప్లస్ 110. షార్ట్‌స్టాప్‌కు అది చాలా గొప్ప అంకె. ఆయన పక్కన పద్దెనిమిది వందల మ్యాచ్‌లకు పైగా ఆడినవాడిది 117.

2022 ఆగస్టు 6న టైగర్స్ విటేకర్ జెర్సీ నంబర్ 1ని ఇక ఎవరికీ ఇవ్వకుండా రిటైర్ చేసినప్పుడు మా అబ్బాయినీ, పక్కింటి పెద్దాయననీ తీసుకుని కొమెరికా పార్క్‌కు వెళ్లాను. పేరు పిలవగానే స్టేడియం అంతా 'ఊఊఊ' అని ఒకటే హోరు. నేను హడలిపోయాను. ఇంత గొప్ప ఆటగాణ్ని పిలిచి 'బూ' అని అవమానిస్తారా అని టెన్షన్ పడ్డాను. పెద్దాయన నా భుజం తట్టి, చెవి దగ్గర గట్టిగా చెప్పారు: అది 'లూ' అని. నలభై ఏళ్ల క్రితం కూడా ఆయన బ్యాట్ పట్టుకుని వస్తే ఇలాగే అరిచేవాళ్లట. మా అబ్బాయి కూడా నోటికి చేతులు అడ్డుపెట్టుకుని 'లూఊఊ' అన్నాడు. వాడు పుట్టేటప్పటికే ఆయన ఆట మానేసి ఎన్నో ఏళ్లయింది.

ఇంకో జెర్సీ కూడా ఉంది. రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్లు తలపడే ఆల్-స్టార్ మ్యాచ్‌కు 1985లో విటేకర్ యూనిఫాం మర్చిపోయి వెళ్లారు. స్టేడియంలో అభిమానులకు అమ్మే జెర్సీ తెప్పించి, వెనక మార్కర్‌తో 1 గీయించుకుని అందులోనే ఆడారు. ఆ జెర్సీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. మార్కర్ అంకెకు దేశం చోటిచ్చింది. 117కు మీ హాల్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో చోటివ్వండి.

ఇందులో ఆలస్యం గురించి కూడా చెప్పక తప్పదు. డిక్ అలెన్ అనే మరో ఆటగాడి ఓపీఎస్ ప్లస్ 156. రెండు కమిటీల్లో ఒక్కొక్క ఓటు తేడాతో ఆగిపోయారు. 2020 డిసెంబరులో చనిపోయారు. ఎన్నికైంది 2024 డిసెంబరులో. ఆయనతోపాటు ఎన్నికైన డేవ్ పార్కర్ 2025 జూన్‌లో, వేడుకకు నెల రోజుల ముందు కన్నుమూశారు. విటేకర్ పుట్టింది 1957 మే నెలలో. 2028 డిసెంబరుకు 71 నిండి ఉంటాయి. ఆ జాబితాలో కూడా లేకపోతే ఇంకో మూడేళ్లు. మా పక్కింటి పెద్దాయన ఆయనకంటే చాలా పెద్ద. కూపర్స్‌టౌన్‌కు మా కారులోనే తీసుకెళ్తానని ఆయనకు మాటిచ్చాను. స్కోరు పుస్తకం కూడా వెంట తెస్తానన్నారు.

జాబితా రాయడానికి మీరు కూర్చున్న రోజున, .276 అనే అంకె కనిపించగానే పక్కన .263 రాసుకోండి. .363 పక్కన .330, .426 పక్కన .400 రాసుకోండి. తర్వాత పేరు ఉంచాలో తీసేయాలో మీరే నిర్ణయించండి.

ఇట్లు,
టైగర్స్ అభిమాని, ఒక సెకండ్ బేస్‌మన్ తల్లి
నోవై, మిషిగన్